మూడో కంటికి తెలియకుండా ఫైలు పంపడం ఎలా?

గుంటూరులో ఉన్న తండ్రి ఇంటి దస్తావేజు స్కాన్ చేసి డాలస్‌లో ఉన్న కొడుక్కి పంపాలి. కొడుకు అక్కడి బ్యాంకు స్టేట్‌మెంటు, పాస్‌పోర్టు కాపీ తల్లిదండ్రుల వీసా కోసం ఇటు పంపాలి. వరంగల్‌లో ఒకావిడ తన స్కానింగ్ రిపోర్టు డాక్టరుగా ఉన్న చిన్ననాటి స్నేహితురాలికి చూపించాలి. పెళ్లి ఫొటోగ్రాఫరు ఇచ్చిన 60 జీబీ వీడియో నలుగురు అన్నదమ్ముల ఇళ్లకూ చేరాలి. ఇవాళ ఏ తెలుగింట్లో చూసినా ఇలాంటి పని ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. చేసే తీరు కూడా అందరిదీ ఒకటే. వాట్సాప్‌లో పడేస్తారు. పట్టకపోతే గూగుల్ డ్రైవ్ లింకు పెడతారు. అదీ కుదరకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసి ఎవరి చేతో పంపిస్తారు.

ఇంతకన్నా గట్టి దారులు లేక కాదు. కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లకు అలాంటివి డజన్ల కొద్దీ తెలుసు. అవన్నీ వచ్చి ఆగేది అవతలి మనిషి దగ్గరే. కొత్త యాప్ అనగానే "అవన్నీ నాకెందుకురా, వాట్సాప్‌లో పెట్టు" అనే మేనత్త, "లింకులు నొక్కొద్దని టీవీలో చెప్పారు" అనే బాబాయి, పాస్‌వర్డు అడగ్గానే ఫోను మనవడి చేతికిచ్చే తాతయ్య. వీళ్లను తప్పుపట్టి లాభం లేదు, తప్పుపట్టడం న్యాయమూ కాదు.

ఈ సంగతి పాతికేళ్ల కిందటే తేలింది. ఈమెయిలును పరాయివాళ్లు చదవకుండా తాళం వేసే పీజీపీ అనే సాఫ్ట్‌వేర్‌ను ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేశాడు. దాని గణితం గట్టిదే. 1999లో ఆల్మా విట్టెన్, జె.డి. టైగర్ అనే పరిశోధకులు దాన్ని 12 మంది మామూలు మనుషుల ముందు పెట్టి, గంటన్నర టైమిచ్చి, ఒక రహస్య సందేశం పంపమన్నారు. వాళ్లంతా చదువుకున్నవాళ్లు, ఈమెయిలు వాడకం తెలిసినవాళ్లు. అయినా పని సరిగ్గా పూర్తి చేసినవాళ్లు మూడో వంతు మందే. ముగ్గురైతే అసలు తాళమే వేయకుండా రహస్యాన్ని పొరపాటున పంపేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి పద్ధతినీ నేను ఈ ప్రయోగం గుర్తుంచుకునే చూస్తాను. పంపేవాడు ఎంత కష్టపడినా పర్వాలేదు, అందుకునేవాళ్లు నొక్కాల్సింది ఒకటి రెండు మీటలకు మించకూడదు. మించితే ఆ పద్ధతి ఎంత గట్టిదైనా ఇంట్లో పనికిరాదు.

ముందుగా ఒక సంగతి విడదీసి చూడాలి. "మీ ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతాం" అని ప్రతి కంపెనీ చెప్పుకుంటుంది. అందులో రెండు రకాలున్నాయి. జీమెయిల్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి చోట్ల ఫైలుకు తాళం పడుతుంది గానీ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. దారిలో దొంగ చదవలేడు. కంపెనీ మాత్రం తలుచుకుంటే చదవగలదు, ప్రభుత్వం అడిగితే ఇవ్వగలదు, దాని వైపు పొరపాటు జరిగితే బయటపడగలదు. 2011 జూన్‌లో డ్రాప్‌బాక్స్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఒక సాఫ్ట్‌వేర్ మార్పు వికటించి, దాదాపు నాలుగు గంటలపాటు ఏ పాస్‌వర్డు కొట్టినా ఎవరి ఖాతా అయినా తెరుచుకుంది. రెండో రకంలో తాళం పంపేవారి ఫోనులోనే పడి, అందుకునేవారి ఫోనులోనే తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న కంపెనీ దగ్గర చెవి ఉండదు. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే ఇదే.

ఇప్పుడు వాట్సాప్ దగ్గరికి వద్దాం. కంప్యూటర్ పండితుల్లో దాన్ని ఈసడించేవాళ్లు చాలామంది. నేను వాళ్లతో ఏకీభవించను. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ సందేశాలన్నిటికీ ఆ రెండో రకం తాళమే, సిగ్నల్ అనే మరో యాప్ వాళ్లు తయారుచేసిన పద్ధతిలోనే, దానంతటదే పడుతోంది. ఎవరూ ఏ మీటా నొక్కనక్కర్లేదు. జిమ్మర్‌మన్ పీజీపీతో కాని పని వాట్సాప్‌తో మన మేనత్తకూ అయింది. 2022 నుంచి ఒక్కో ఫైలు 2 జీబీ దాకా పంపవచ్చు. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్న సమాచారం మాత్రం దాని యజమాని మెటాకు తెలుస్తుంది. ఇంటి దస్తావేజు విషయంలో దానితో మనకు పెద్దగా పేచీ లేదు.

వాట్సాప్‌లో చిల్లులు దారిలో లేవు, రెండు కొసల్లోనూ ఉన్నాయి. మొదటిది బ్యాకప్. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాట్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి, ఐఫోన్లలో ఐక్లౌడ్‌లోకి వెళుతుంది. మనం విడిగా చెప్పకపోతే అక్కడ ఎండ్-టు-ఎండ్ తాళం ఉండదు. 2021లో ఆ సదుపాయం తెచ్చారు గానీ మనం వెతికి ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది. పైగా మీరు ఆన్ చేసుకున్నంత మాత్రాన సరిపోదు, అవతలి ఫోనులోనూ ఆన్ చేసి ఉండాలి. రెండోది గ్యాలరీ. ఆధార్ కార్డును ఫొటోగా పంపితే అది అవతలి ఫోను గ్యాలరీలో గుడ్ మార్నింగ్ గులాబీల పక్కన చేరుతుంది. ఆ ఫోల్డరుకు గూగుల్ ఫొటోస్ బ్యాకప్ పెట్టి ఉంటే అక్కడికీ ఎక్కుతుంది. పిల్లలు ఆడుకునే ఫోనులో అది ఎవరి కంటైనా పడవచ్చు. అదే కాయితాన్ని పీడీఎఫ్ చేసి డాక్యుమెంటుగా పంపితే గ్యాలరీలో కనబడదు, అక్షరాలూ మసకబారవు. ఫొటోను ఫొటోగానే డాక్యుమెంటు దారిలో పంపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మామూలుగా పంపిన ఫొటోలోంచి వాట్సాప్ తీసిన చోటు వివరాలను తొలగిస్తుంది, డాక్యుమెంటుగా పంపితే అవి అలాగే వెళతాయి.

మూడో చిల్లు మన ఊళ్లలో అన్నిటికన్నా పెద్దది. దాని పేరు జిరాక్స్ షాపు. గోడ మీద ఒక వాట్సాప్ నంబరు రాసి ఉంటుంది. వచ్చినవాళ్లంతా పాస్‌బుక్కులు, ఆధార్లు, మార్కుల మెమోలు ఆ నంబరుకు కొడతారు. షాపు కంప్యూటరులో వాట్సాప్ వెబ్ పొద్దున్నించి రాత్రిదాకా తెరిచే ఉంటుంది. ప్రింటు తీసిన కాయితం మన చేతికొస్తుంది, ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఉండిపోతుంది. ఆ షాపతను మంచివాడే కావచ్చు. కానీ ఆ కంప్యూటరు ముందు రేపు ఎవరు కూర్చుంటారో ఆయనకూ తెలియదు. "ప్రింటు తీశాక డిలీట్ చేయండన్నా" అని అక్కడే నిలబడి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. వాట్సాప్‌లోనూ మీ వైపు నుంచి 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టవచ్చు, దానికి రెండు రోజులకు పైగానే గడువుంటుంది. అయితే కంప్యూటరులోకి దిగిపోయిన కాపీని అది తుడవలేదు.

వాట్సాప్‌లో 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో మెసేజీలు మాయమయ్యే ఏర్పాటు ఉంది. ఒకసారి చూడగానే పోయే 'వ్యూ వన్స్' ఫొటోలకూ వీడియోలకూ ఉంది గానీ డాక్యుమెంట్లకు లేదు. ఇవి మరిచిపోయిన ఫైళ్లను ఊడ్చడానికి బాగా పనికొస్తాయి. కావాలని దాచుకునేవాణ్ని మాత్రం ఆపలేవు. ఇంకో ఫోనుతో తెరను ఫొటో తీస్తే ఏ యాపూ ఏమీ చేయలేదు.

అవతలివాళ్లు ఒక్క కొత్త యాప్‌కు ఒప్పుకుంటారనుకుంటే అది సిగ్నల్ కావాలి. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది, వాడకం అచ్చం వాట్సాప్ లాగే ఉంటుంది, వచ్చిన ఫొటో మనం సేవ్ చేస్తే తప్ప గ్యాలరీలోకి దూకదు. ఫైలు పరిమితి 100 ఎంబీ మాత్రమే, అంటే దస్తావేజులకూ రిపోర్టులకూ చాలు, పెళ్లి వీడియోకు చాలదు. టెలిగ్రామ్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. సినిమాలు దించుకోవడానికి అలవాటుపడ్డ మన కుర్రాళ్లు అది మహా భద్రమైనదని నమ్ముతారు. అందులో మామూలు చాట్లకూ గ్రూపులకూ ఎండ్-టు-ఎండ్ తాళమే లేదు. 'సీక్రెట్ చాట్' అని విడిగా తెరిస్తేనే ఉంటుంది, అదీ ఇద్దరి మధ్యే. పెద్ద ఫైలుకు సుఖమైనదే, రహస్యానికి మాత్రం పనికిరాదు.

ఇక లింకులు. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటగానే ఫైలు డ్రైవ్‌లోకి వెళ్లి లింకుగా మారుతుంది. డ్రైవ్‌లో పంచుకునే మార్గాలు ప్రధానంగా రెండు. పేరు పెట్టి ఫలానా జీమెయిల్‌కే ఇవ్వడం ఒకటి, లింకు ఉన్న ఎవరైనా చూసేలా వదలడం రెండోది. మొదటిది మంచిది, కానీ ఇంట్లో పారదు. కారణం విచిత్రంగా ఉంటుంది. నాన్నగారి ఫోనులో జీమెయిల్ ఉంటుంది, అది ఫోను కొన్న రోజు షాపు కుర్రాడు తెరిచిపెట్టింది. ఆ ఐడీ ఏమిటో నాన్నగారికి తెలియదు. మీరు ఆయన పాత ఐడీకి అనుమతి ఇస్తారు, ఆయన కొత్త ఐడీతో తెరుస్తారు, "అనుమతి లేదు" అని తెర చెబుతుంది. మూడు ఫోన్లయ్యాక విసుగెత్తి మీరే "లింకు ఉన్న ఎవరైనా" అన్నదానికి మార్చేస్తారు. ఆ లింకు ఫ్యామిలీ గ్రూపులో పడుతుంది, అక్కణ్నుంచి ఇంకో గ్రూపుకు. రెండేళ్ల తర్వాత కూడా అది తెరుచుకుంటూనే ఉంటుంది, తీసేయాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈ పరిశీలనలో అన్నిటికన్నా తక్కువ మార్కులు నేను దీనికే వేస్తాను, అందరూ ఎక్కువగా వాడేది ఇదే అయినా.

ఖాతా అక్కర్లేకుండా ఫైలు పంపించే వీట్రాన్స్‌ఫర్ లాంటివాటికి ఒకప్పుడు మంచి పేరుండేది. 2019 జూన్‌లో దాని వైపు లోపం వల్ల రెండు రోజుల పాటు కొందరి ఫైళ్ల లింకులు సంబంధం లేని మనుషుల ఈమెయిళ్లకు వెళ్లాయి. తాళంచెవి కంపెనీ దగ్గరుంటే వచ్చే ముప్పు ఇదే. మరుసటి ఏడాది మేలో మన టెలికాం శాఖ దేశంలో దాన్ని అడ్డుకుంది కూడా.

చెవి కంపెనీ దగ్గరుండే ఈ సమస్యకు అందమైన విరుగుడు ఫైర్‌ఫాక్స్ సెండ్ అనే సేవలో దొరికింది. ఫైలుకు మన బ్రౌజరులోనే తాళం పడుతుంది. చెవి లింకు చివర హ్యాష్ గుర్తు తర్వాత ఉంటుంది. వెబ్ చిరునామాలో హ్యాష్ తర్వాతి భాగాన్ని బ్రౌజర్లు సర్వరుకు పంపవు, అదే ఇందులోని చమత్కారం. సర్వరులో ఉన్నది తాళం వేసిన మూట మాత్రమే. అవతలివాళ్లు చేయాల్సింది లింకు నొక్కడం, డౌన్‌లోడ్ నొక్కడం. యాప్ లేదు, ఖాతా లేదు. ఒకసారి దించుకోగానే చెల్లిపోయేలా పెట్టవచ్చు. 2019 మార్చిలో అందరికీ అందుబాటులోకి వచ్చింది, 2020 జులైలో ఆపేశారు, సెప్టెంబరులో శాశ్వతంగా మూసేశారు. మన రహస్యాలను ఎంత బాగా కాపాడిందో వైరస్‌లు పంచేవాళ్లవి కూడా అంతే బాగా కాపాడడం దాని కొంప ముంచింది. కోడ్ అందరికీ ఇచ్చినది కాబట్టి టిమ్ విసే అనే డెవలపర్ 'సెండ్' పేరుతోనే దాన్ని కొనసాగిస్తున్నాడు. ఇదే పద్ధతిలో 2021లో వచ్చిన వార్మ్‌హోల్ ఫైళ్లను 24 గంటలకు మించి ఉంచదు. ప్రోటాన్ డ్రైవ్‌లో లింకుకు పాస్‌వర్డు, గడువు తేదీ రెండూ పెట్టవచ్చు. ఖాతా కావాల్సింది పంపేవాడికే, చూసేవాళ్లకు కాదు. ఒకటి రెండు జీబీల ఫైలుకు, కంప్యూటర్ రాని స్నేహితుడికి, ఈ జాతి లింకును మించింది నాకు కనబడలేదు.

కాకపోతే బాబాయి అభ్యంతరం ఉండనే ఉంది. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో పేరు పెట్టి ఏపీకే ఫైళ్లు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వాటిని ఇన్‌స్టాల్ చేస్తే ఫోను పరాయివాడి చేతిలోకి పోతుంది, బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. తెలియని లింకులు నొక్కవద్దని పోలీసులు చెబుతున్నది నూటికి నూరుపాళ్లు సరైన మాట. మరి మనం పంపే పేరూ ఊరూ లేని లింకు బాబాయికి దొంగ లింకు లాగే కనిపిస్తే అది ఆయన తెలివే. అందుకని ముందు ఫోను చేసి, "బాబాయ్, ఇప్పుడో లింకు పంపిస్తున్నా, దస్తావేజు అందులో ఉంది, అది పీడీఎఫ్, ఇంకేదైనా ఇన్‌స్టాల్ చేయమంటే చేయకు" అని గొంతుతో చెప్పాలి. ఆ ఒక్క నిమిషం ఖర్చుపెట్టలేనివాడు లింకులు పంపకూడదు. ఎవరైనా మోసపోతే 1930కి ఎంత త్వరగా ఫోను చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

పాస్‌వర్డు పెట్టిన ఫైలు సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవాలంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కొట్టాలని డెబ్బై ఏళ్ల పెద్దాయనకూ తెలుసు. ప్రభుత్వం తెలియకుండానే దేశమంతటికీ ఒక అలవాటు నేర్పింది, దాన్ని మనం వాడుకోవచ్చు. పేరు, పుట్టిన ఏడు తెలిసినవాడెవడైనా తెరవగల పాస్‌వర్డు మాత్రం అనుకరించదగ్గది కాదు. ఇంటి వాళ్లకే తెలిసిన, ఒకదానికొకటి సంబంధం లేని మూడు నాలుగు మాటలు కలిపి పెట్టండి, దాన్ని ఫోనులో నోటితో చెప్పండి. ఫైలు పంపిన చాట్‌లోనే పాస్‌వర్డూ రాస్తే పెట్టిన ఫలితం ఉండదు. వర్డ్‌లో గానీ, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో గానీ పీడీఎఫ్‌గా మార్చేటప్పుడే పాస్‌వర్డు పెట్టే వీలుంది. "పీడీఎఫ్‌కు ఉచితంగా తాళం వేస్తాం" అనే వెబ్‌సైటుకు దస్తావేజు ఎక్కించడం ఎంత విడ్డూరమో వేరే చెప్పాలా? జిప్ ఫైళ్ల దారి నేను సూచించను. పాత జిప్ తాళం బలహీనమని 1994లోనే ఎలి బిహామ్, పాల్ కోచర్ చూపించారు. 7-జిప్‌లో ఏఈఎస్-256 ఎంచుకుంటే తాళం గట్టిదే గానీ చాలా ఫోన్లలో దాన్ని తెరవడానికి మళ్లీ ఒక యాప్ వెతకాలి.

ఇద్దరూ ఒకే గదిలో ఉంటే ఇంటర్నెట్ ఊసే అక్కర్లేదు. ఒకప్పుడు ఊరూరా రాజ్యమేలిన షేరిట్, జెండర్ 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో పోయాయి. అదే ఆగస్టులో గూగుల్ నియర్‌బై షేర్ తెచ్చింది, 2024లో దానికీ శాంసంగ్ పద్ధతికీ కలిపి క్విక్ షేర్ అని పేరు పెట్టారు. ఐఫోన్ల మధ్య ఎయిర్‌డ్రాప్ ఉంది. ఒకరిది ఆండ్రాయిడ్, ఒకరిది ఐఫోన్ అయితే లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ రెండిట్లో వేసి, ఒకరి హాట్‌స్పాట్‌కు మరొకరు కలిస్తే చాలు. పండక్కి అందరూ ఇంటికొచ్చినప్పుడు పెళ్లి వీడియో పంపకం ఇలా తేల్చుకోవడం ఉత్తమం. 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిచినా 60 జీబీ ఇంటర్నెట్‌లోకి ఎక్కడానికే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది, అంత వేగం ఎన్ని ఇళ్లలో నిలకడగా వస్తుంది? పెన్‌డ్రైవ్‌కూ ఇందులో గౌరవమైన స్థానమే ఉంది, పోగొట్టుకోనంతవరకూ. డిలీట్ చేసిన ఫైళ్లు దాన్నుంచి మళ్లీ తీయవచ్చని మరవకండి, దస్తావేజు తిరిగిన పెన్‌డ్రైవ్‌ను పిల్లల ప్రాజెక్టుకని ఎవరికీ ఇవ్వకండి.

సాంకేతిక నిపుణులు మెచ్చుకునే మ్యాజిక్ వార్మ్‌హోల్, ఆనియన్‌షేర్, సింక్‌థింగ్ గురించి ఒక్క మాట. మూడూ అద్భుతమైన పనితనాలే. ఆనియన్‌షేర్ 2014లో పుట్టిందే నిఘా నీడలో పనిచేసే పత్రికల వాళ్ల కోసం. ఆ స్థాయి శత్రువు ఉన్నవాళ్లు కూర్చుని నేర్చుకోవాలి. మన మేనత్తకు ఆ శత్రువు లేడు, ఆమెకు వాటిని అంటగట్టకండి.

అసలు పంపకుండా పని జరుగుతుందా అన్నది చాలామంది అడగని ప్రశ్న. కాయితంలో ఒక్క లైను చూపించాలంటే వాట్సాప్ వీడియో కాల్‌లో 2023 నుంచి స్క్రీన్ షేర్ ఉంది, చూపించి తీసేయవచ్చు. ఆధార్ అడిగిన ప్రతిచోటా పూర్తి నంబరు అక్కర్లేదు, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్‌ను యూఐడీఏఐ సైటులో దించుకోవచ్చు. జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దంటూ 2022 మేలో ఆ సంస్థ బెంగళూరు కార్యాలయం ఇచ్చిన ప్రకటనను రెండు రోజుల్లోనే ఉపసంహరించారు గానీ అందులో మాస్క్డ్ ఆధార్ వాడమన్న సలహా మాత్రం మంచిదే. మార్కుల మెమోలు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి డిజిలాకర్ నుంచి నేరుగా చూపించవచ్చు. ఒక మాట చట్టం గురించి కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇంటి, సొంత పనుల కోసం మనుషులు వాడుకునే సమాచారానికి వర్తించదు. మీ కాయితాన్ని స్నేహితుడు అజాగ్రత్తగా ఉంచాడని ఆ చట్టం కింద అడగలేరు.

తేల్చి చెప్పాలంటే, కాయితాలను పీడీఎఫ్ చేసి పంపడానికి వాట్సాప్ చాలు, ఆరోగ్యం, ఆస్తి లాంటి సున్నితమైనవైతే సిగ్నల్ గానీ పాస్‌వర్డు గానీ కలపండి. జీబీల్లో ఉంటే చెవి లింకులోనే ఉండే సెండ్, వార్మ్‌హోల్, ప్రోటాన్ తరహా. పదుల జీబీలైతే చేతి నుంచి చేతికే. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల ఫోను తీసుకుని వాట్సాప్ సెట్టింగుల్లో చాట్స్, ఆ కింద చాట్ బ్యాకప్ తెరిచి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి. అందుకోసం పెట్టిన పాస్‌వర్డును కాగితం మీద రాసి బీరువాలో పెట్టించండి. మరిచిపోతే వాట్సాప్ కూడా తిరిగి ఇవ్వలేదు.